పల్లె ముంగిట వైద్యుడు: టెలిమెడిసిన్ గదిని వాడుకొను విధానము

ఒక మండల వ్యవసాయాధికారి, బి.యస్‌సి. (వ్యవసాయము)

దుక్కి బాగుగా దున్ని, మేలైన విత్తనము చల్లి, తగిన ఎరువు వేసి, అదనున నీరు కట్టినను, ఆ పనులన్నియు చేయు మనిషి మంచము పట్టినచో పంట నిలువదు. ఎద్దుకు జబ్బు చేసినచో రైతు ఆ పూటనే పశువైద్యుని కొరకు పరుగెత్తును. తనకు జబ్బు చేసినచో మాత్రము, "ఈ నాట్లు కానిమ్ము, ఆ మీదట చూతము" అని ఊరకుండును. ఇది మన పల్లెలలో అనాదిగా వచ్చుచున్న అలవాటు.

ఇందులకు కారణము రైతు అజ్ఞానము కాదు. పట్నము పోయి వైద్యునికి చూపించుకొనవలెనన్న ఒక దినము కూలి పోవును. తోడు వచ్చువాని కూలియు పోవును. బస్సు ఛార్జీ, అక్కడి తిండి ఖర్చు, వరుసలో కాచుకొనుట, ఇవన్నియు లెక్క వేసికొని అతడు వాయిదా వేయును. వాయిదా వేసిన చిన్న జబ్బు పెద్దదగును. రక్తపోటు, చక్కెర జబ్బు వంటివి నొప్పి లేకుండ లోలోపల పెరిగి, ఒకనాడు హఠాత్తుగా పక్షవాతమై పడగొట్టును.

ఈ చిక్కు కొంత తీర్చుటకే గ్రామ ఆరోగ్య కేంద్రములలో టెలిమెడిసిన్ గదులు వెలసినవి. అయితే ఏ పనిముట్టునైనను వాడుట తెలిసినపుడే లాభము. స్ప్రేయరు మంచిదే, గాలికి ఎదురుగా నిలిచి కొట్టినచో మందు మన ముఖము మీదనే పడును. ఈ గది సంగతియు అంతే. దీనిని ఎప్పుడు వాడవలెనో, ఎట్లు వాడవలెనో, ముఖ్యముగా ఎప్పుడు వాడరాదో ఈ వ్యాసములో తెలుపుచున్నాను. నేను వైద్యుడను కాను. ఇందలి వైద్య విషయములు మా ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యులతోను, గ్రామ కేంద్రములలో పనిచేయు ఆరోగ్య సిబ్బందితోను కూర్చుండి తెలిసికొని వ్రాసినవి.

టెలిమెడిసిన్ అనగా నేమి?

వైద్యుడు ఒకచోట, రోగి వేరొకచోట ఉండగా, బొమ్మ, మాట చేరవేయు సాధనముల ద్వారా జరుగు వైద్య సలహాయే టెలిమెడిసిన్. దూరవైద్యమనియు చెప్పవచ్చును. ఇది మన తెలుగు పల్లెకు క్రొత్తది కాదు. 2000వ సంవత్సరము మార్చి 24వ తేదీన, హైదరాబాదు పర్యటనకు వచ్చిన నాటి అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్, చిత్తూరు జిల్లా అరగొండ గ్రామపు ఆసుపత్రిని ఉపగ్రహము ద్వారా నగర వైద్యులతో కలుపు ఏర్పాటును ప్రారంభించిరి.

తరువాత 2019 నవంబరులో కేంద్ర ప్రభుత్వము "ఈ-సంజీవని" అను పద్ధతిని ప్రవేశపెట్టినది. మొహాలీలోని సీ-డాక్ సంస్థ దీనిని రూపొందించినది. దేశములో దీనిని మొదట అమలు జరిపిన రాష్ట్రము ఆంధ్రప్రదేశ్. 2020 మార్చి 25వ తేదీన టెలిమెడిసిన్‌కు సంబంధించిన నియమములను కేంద్రము ప్రకటించినది. అదే సంవత్సరము ఏప్రిల్ 13 నుండి ఇంటిలో కూర్చుండియే ఫోను ద్వారా వైద్యుని సంప్రదించు వీలును కలిగినది. 2023 ఫిబ్రవరి నాటికి దేశమంతట 10 కోట్ల సంప్రదింపులు పూర్తి కాగా, అందులో 3 కోట్లకు పైగా ఆంధ్రప్రదేశ్‌లోనివే. తెలంగాణలో పల్లె దవాఖానాలనుండియు, ఉత్తర ప్రదేశ్ వంటి రాష్ట్రములలో "హెల్త్ ఏటీయం" అను పెట్టె వంటి బూతుల ద్వారాను ఇట్టి సేవలే అందుచున్నవి.

గదిలో పని జరుగు తీరు

గది పెద్దది కానక్కర లేదు. ఒక బల్ల, రెండు కుర్చీలు, కెమెరా గల కంప్యూటరో, ట్యాబో, వెలుతురు, తలుపుకు తెర ఉన్న చాలును. రక్తపోటు చూచు యంత్రము, జ్వరము కొలుచు థర్మామీటరు, వ్రేలికి తగిలించి రక్తములోని ప్రాణవాయువును చూచు పరికరము, చక్కెర పరీక్షకు గ్లూకోమీటరు, బరువు చూచు కాటా ఉండును. వీటిని వాడుటకు శిక్షణ పొందిన ఆరోగ్య ఉద్యోగి ఉండును.

మీరు పోగానే ఆ ఉద్యోగి మీ పేరు, వయస్సు, ఊరు, బాధ వ్రాసికొనును. నాడి, జ్వరము, రక్తపోటు, బరువు చూచును. ఈ వివరములు కంప్యూటరులో చేర్చి, కేంద్రములోని వైద్యునికి పంపును. వైద్యుడు తెర మీద కనిపించి మిమ్ము ప్రశ్నించును. ఉద్యోగిచేత కడుపు నొక్కించి చూడుమనవచ్చును, నాలుక చూపుమనవచ్చును, నడిచి చూపుమనవచ్చును. పిమ్మట మందుచీటి వచ్చును. అందు వైద్యుని పేరు, రిజిస్ట్రేషను సంఖ్య ఉండవలెను. ఆ చీటి ప్రకారము కేంద్రములో ఉన్న మందులు అక్కడనే ఇత్తురు. లేనివి ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునుండి తెచ్చుకొనవలెను.

ఇచ్చట ఒక సంగతి గమనింపుడు. తెర మీది వైద్యునికి కన్నులు, చెవులు ఉన్నవి గాని చేతులు లేవు. గదిలోని ఉద్యోగియే ఆయన చేయి. మీరు చెప్పని మాట, చూపని మచ్చ ఆయనకు తెలియదు. కాబట్టి ఎదుట వైద్యుడున్నప్పటికంటె ఇక్కడ రోగి చెప్పు మాటకు విలువ ఎక్కువ.

ఏ జబ్బులకు ఉపయోగము?

ఈ గది ఈ క్రింది వాటికి మిక్కిలి ఉపయోగపడును.

1. జలుబు, దగ్గు, మామూలు జ్వరము, ఒళ్లు నొప్పులు, అజీర్ణము, నీళ్ల విరేచనములు.
2. గజ్జి, తామర, కాళ్ల వ్రేళ్ల సందుల ఒరుపు, ఎరువులు చల్లినపుడు వచ్చు దురదలు. ఇవి కెమెరాకు చక్కగా కనిపించును.
3. రక్తపోటు, చక్కెర జబ్బు, థైరాయిడు వంటి దీర్ఘ వ్యాధులకు నెల నెల పరీక్ష, మందుల మార్పు.
4. ఆపరేషను, కాన్పు అయిన తరువాత సలహాలు.
5. పట్నములో చేయించిన పరీక్షల కాగితములు చూపి అర్థము తెలిసికొనుట.
6. పెద్దాసుపత్రికి పోవలెనా, అక్కరలేదా, పోయిన ఏ విభాగమునకు పోవలెనో నిర్ణయించుకొనుట.

మూడవ దానిని గురించి కొంచెము చెప్పవలెను. రక్తపోటు 140/90 దాటినచో ఎక్కువయని లెక్క. అయితే ఒక్కసారి చూచి తేల్చరాదు. మాత్ర మ్రింగిన పిదప తగ్గినదని రైతులు మానివేయుదురు. తగ్గినది మాత్ర వలన; మానిన వెంటనే మరల పెరుగును. కలుపు తీసినచో చేను శుభ్రముగా నున్నదని మరల తీయుట మానుదుమా? ఇదియు అట్టిదే. నెలకొకసారి గదికి పోయి చూపించుకొనుటకు అరపూట చాలును. పట్నమునకు పోయి వచ్చుట కంటె ఇది ఎంతయో నయము.

సేద్యగాండ్రకు వచ్చు జ్వరములను గురించియు ఒక మాట. వరి మడిలో, బురదలో పనిచేయు వారికి ఎలుకల మూత్రము కలిసిన నీటి వలన ఒక జ్వరము వచ్చును. పిక్కలు విపరీతముగా నొచ్చును, కన్నులు ఎర్రబడును, ఒక్కొక్కప్పుడు కామెర్లు కూడ కలుగును. గుబురు పొదలలో, గడ్డిలో తిరుగువారికి కంటికి కనిపించనంత చిన్న పురుగు పిల్ల కుట్టి స్క్రబ్ టైఫస్ అను జ్వరము వచ్చును. కుట్టిన చోట చుట్టతో కాల్చినట్లు నల్లని చెక్కు కట్టవచ్చును. అది చంకలోనో, గజ్జలలోనో, నడుము దగ్గరనో దాగి యుండును. ఈ రెంటికిని వేళకు మందు పడిన తగ్గును, ఆలస్యమైన ప్రమాదము. కనుక "జ్వరము వచ్చినది" అని మాత్రమే చెప్పక, "వారము క్రిందట నీటి మడిలో పనిచేసితిని", "పొద కొట్టితిని" అని చెప్పుడు. ఒంటి మీద మచ్చ ఉన్నచో సిగ్గుపడక ఉద్యోగికి చూపుడు.

నేను చేసిన పొరపాటు

ఇప్పుడు ఒక సంగతి చెప్పెదను. ఈ వ్యాసము వ్రాయుటకు అదియే కారణము.

మా మండలములో పత్తి, మిరప ఎక్కువ. ఒక గ్రామములో ఈ గది క్రొత్తగా తెరచినపుడు జనము రాలేదు. నేను రైతు సమావేశములలో పంటల సంగతి చెప్పి, చివర ఈ గది సంగతియు చెప్పుచుంటిని. "ఊరకనే పట్నము పరుగెత్తి డబ్బు తగలవేయకుడు, ముందు గదికి పొండు" అని పదే పదే చెప్పితిని. జనము క్రమముగా వచ్చుట మొదలిడిరి. నాకు సంతోషమైనది.

ఒక ఆషాఢ మాసపు ఉదయమున పురుగుల సర్వే కొరకు ఆరు గంటలకే ఆ ఊరి పొలములకు పోయితిని. గట్టు మీద ఒక కౌలు రైతును అతని కుమారుడు పట్టుకొని నడిపించుకొని వచ్చుచుండెను. నారు కావలికై రాత్రి పొలము పాకలో చాప మీద పండుకొనెనట. తెల్లవారుజామున కడుపు నొప్పితో లేచెనట. వాంతి కూడ అయినదట. ఒంటి మీద దెబ్బ లేదు, వాపు లేదు. "అయ్యా, ఆటో మాట్లాడుకొని పట్నము పోదుమా?" అని కుమారుడు నన్ను అడిగెను.

"రాత్రి తిన్నది పడలేదేమో. తొమ్మిదింటికి గది తెరచుదురు. అక్కడ చూపించుము. పట్నమెందుకు?" అని నేనంటిని.

ఆ కుర్రవాడు నా మాట నమ్మెను. అప్పటినుండి తొమ్మిది వరకు తండ్రిని గది అరుగు మీద పండుకొనబెట్టి జీలకర్ర కషాయము త్రాగించుచు కూర్చుండెను. తొమ్మిదింటికి గది తెరచిరి. నెట్‌వర్కు రెండుసార్లు పోయినది. మూడవ మారు తెర మీదికి ఒక వైద్యురాలు వచ్చెను. ఆమె కడుపు నొప్పి సంగతి విని, మొట్టమొదట అడిగిన ప్రశ్న: "రాత్రి ఎక్కడ పండుకొంటివి?"

నేల మీదనని అతడు చెప్పెను. ఆ మాట ముక్కుతో పలికినట్లు ముద్దగా వచ్చెను. ఆమె అతనిని కెమెరాకు దగ్గరగా కూర్చుండబెట్టించి, తల కదల్చక పైకప్పు వైపు చూచుచుండుమనెను. కొద్ది క్షణములలో అతని కనురెప్పలు తమంత తామే వాలిపోయెను. ఆమె వెంటనే ఉద్యోగితో, "కాటు వెదకుచు కూర్చుండకుము. ఇది కట్లపాము కాటువలె నున్నది. 108కు ఫోను చేయుము. అతనిని నడువనీయకుము, ప్రక్కకు త్రిప్పి పండుకొనబెట్టుము, నోటికేమియు పెట్టకుము" అని చెప్పి, తానే పెద్దాసుపత్రికి ఫోను చేసెను.

అంబులెన్సులోనే అతని ఊపిరి తగ్గుట మొదలాయెను. విషపు విరుగుడు ఎక్కించి, రెండు దినములు యంత్రము మీద ఊపిరి ఆడించిరి. తొమ్మిదవ నాడు ఇంటికి వచ్చెను. ఇప్పుడు అతడు తన చేను తాను చేసికొనుచున్నాడు.

కట్లపాము రాత్రివేళ నేల మీద పండుకొన్నవారిని కరచును. కాటు గుర్తు కనిపించకపోవచ్చును. నొప్పి, వాపు ఉండకపోవచ్చును. కడుపు నొప్పి, రెప్పలు వాలుట, మ్రింగుడు పడకపోవుట, మాట తడబడుట, ఆ పైన ఊపిరి నిలుచుట, ఇవి దాని లక్షణములు. ఈ సంగతి నాకు ఆనాడు తెలియదు. ఆ మూడు గంటలు వృధా చేసినది గది కాదు, నెట్‌వర్కు కాదు, నేను. అదే గదిలో కూర్చున్న వైద్యురాలి కన్ను ఆ ప్రాణమును నిలిపినది. మంచి పనిముట్టును గురించి సగము చెప్పుట ఎంత అపాయమో నాకు ఆనాడు తెలిసి వచ్చినది. మిగిలిన సగము ఇదిగో.

గదికి పోక 108కు పిలువవలసిన సమయములు

క్రింది లక్షణములలో ఏది కనిపించినను గది తెరచువరకు కాచుకొనరాదు. గది తెరచియున్నను వరుసలో కూర్చుండరాదు. వెంటనే 108కు ఫోను చేయవలెను.

1. గుండెలో బరువు, నొప్పి, ఎడమ చేతికో దవడకో ప్రాకుట, చల్లని చెమటలు.
2. మూతి ఒక ప్రక్కకు పోవుట, ఒక చేయి, కాలు పడిపోవుట, మాట తడబడుట.
3. ఊపిరి ఆడకపోవుట, పెదవులు నీలి రంగు తిరుగుట.
4. స్పృహ తప్పుట, మూర్ఛలు.
5. పాము కాటు, కాటు వేసినదన్న అనుమానము, నేల మీద పండుకొన్నవానికి తెల్లవారుజామున కడుపు నొప్పితో పాటు రెప్పలు వాలుట.
6. పురుగుమందు మ్రింగుట, లేక చల్లుచుండగా సోకుట.
7. ఆగని రక్తస్రావము, పెద్ద గాయములు, కరెంటు దెబ్బ.
8. గర్భిణికి రక్తము పోవుట, మూర్ఛ, చూపు మసకబారుట, తీవ్రమైన తలనొప్పి.
9. ఎండలో పనిచేయుచు ఒళ్లు కాలి, తెలివి తప్పి మాటలాడుట.
10. పసిబిడ్డ పాలు త్రాగక మందగించుట, డొక్కలు ఎగరవేయుట.

పాము కాటు విషయములో త్రాచు, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి, ఈ నాలుగే మన ప్రాంతములో ఎక్కువ ప్రాణములు తీయునవి. నాలుగింటికిని ఒకే విరుగుడు పనిచేయును. కాబట్టి పామును చంపి తెచ్చుటకు కాలము వ్యర్థము చేయవద్దు. గట్టిగా కట్టు కట్టరాదు, కోయరాదు, నోటితో పీల్చరాదు, పసరు పూయరాదు. కరచిన కాలునో చేతినో కదలకుండ కర్ర బద్దతో సడలుగా కట్టి, మనిషిని నడువనీయక తీసికొనిపోవలెను.

పురుగుమందు సోకినపుడు

ఇది మా శాఖకు సంబంధించిన సంగతి గనుక విపులముగా చెప్పెదను. డబ్బా మీద వజ్రపు ఆకారపు గుర్తు ఉండును. దాని క్రింది సగపు రంగు విషము యొక్క తీవ్రతను తెలుపును. ఎరుపు అత్యంత తీవ్ర విషము, పసుపు మిక్కిలి విషము, నీలము మధ్యరకము, ఆకుపచ్చ తక్కువ. డబ్బాతో పాటు వచ్చు కాగితములో మందు పేరు, విష లక్షణములు, విరుగుడు వ్రాసియుండును.

చల్లుచుండగా తల తిరిగి, వాంతి వచ్చి, చొంగ కారి, కన్నుల నీరు, చెమటలు పట్టి, కండరములు అదరినచో విషము సోకినదని తెలియవలెను. అప్పుడు చేయవలసినవి:

మొదట మనిషిని చేనినుండి గాలి తగులు చోటికి తేవలెను. మందు తడిసిన బట్టలు విప్పివేయవలెను. సబ్బుతో, ధారాళమైన నీటితో ఒళ్లు, తల కడుగవలెను. కంటిలో పడినచో పదునైదు నిమిషములు నీటి ధారతో కడుగవలెను. కడుగువారు కూడ చేతులకు తొడుగులో, ప్లాస్టికు సంచులో వేసికొనవలెను. మ్రింగినవానిచే బలవంతముగా వాంతి చేయించరాదు. పాలు, నూనె, ఉప్పు నీరు పోయరాదు. స్పృహ తప్పిన ఎడమ ప్రక్కకు త్రిప్పి పండుకొనబెట్టవలెను. 108 వచ్చులోగా ఈ పనులు జరుగవలెను.

డబ్బానో, కాగితమునో తప్పక వెంట పంపవలెను. ఇది అన్నిటికంటె ముఖ్యము. ఏ మందో తెలియక వైద్యుడు చేయు చికిత్స వేరు, తెలిసి చేయు చికిత్స వేరు. ఒక జాతి మందుకు ఇచ్చు విరుగుడు మరియొక జాతికి పనిచేయదు. కొన్నిటికి ప్రత్యేకమైన విరుగుడే లేదు. డబ్బాను పూడ్చివేసి ఆసుపత్రికి ఉత్త చేతులతో పోవుట కంటె పొరపాటు వేరొకటి లేదు. కనీసము ఫోనుతో దాని ఫోటో తీసి ఉంచుకొనుడు. మందు కొనిన నాడే అట్లు ఫోటో తీసికొనుట మంచి అలవాటు.

మరి టెలిమెడిసిన్ గది దీనికి అక్కరకు రాదా? వచ్చును. చల్లిన మరునాడు దురద, కంటి మంట, తలనొప్పి తగ్గకున్నపుడు గదికి పోయి డబ్బా కాగితము కెమెరాకు చూపుడు. ఏటేట మందులు చల్లు పనివారు పంట కాలము ముగిసిన తరువాత ఒకసారి చూపించుకొనుట మేలు.

ఇంకొక మాట. పంట పోయినపుడు, అప్పు ముసిరినపుడు మనస్సు చీకటిపడుట ఎవరికైనను కలుగును. అది సిగ్గుపడవలసిన జబ్బు కాదు. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన "టెలి-మానస్" అను సేవకు 14416 సంఖ్యకు ఉచితముగా ఫోను చేసి, రాత్రియనక పగలనక మాటలాడవచ్చును. అట్టి ఇంటిలో పురుగుమందును పెట్టెలో పెట్టి తాళము వేసి, తాళపు చెవి వేరొకరి వద్ద ఉంచుడు. ఇరుగు పొరుగు వారు చేయగల మేలు ఇది.

గదికి పోవునపుడు

1. పాత మందుచీట్లు, పరీక్ష కాగితములు, ఇప్పుడు మ్రింగుచున్న మాత్రల అట్టలు ఒక సంచిలో వేసి తీసికొనిపొండు. నేడు చూచిన వైద్యుడే మరునెల చూచునని లేదు. మీ చీటియే మీ చరిత్ర.
2. ఆధారు, ఫోను, ఆరోగ్య సంఖ్య (ఆభా) ఉన్నచో అదియు దగ్గర ఉంచుకొనుడు.
3. బాధ ఎన్ని దినములనుండి, ఎప్పుడు ఎక్కువగును, ఎప్పుడు తగ్గును అను మూడు సంగతులు ముందుగా ఆలోచించుకొనుడు.
4. ఏదైన మందు పడనిచో, నాటుమందు వాడుచున్నచో, మద్యము, పొగాకు అలవాటున్నచో దాచక చెప్పుడు.
5. రక్తపోటు చూచుటకు అరగంట ముందు కాఫీ, టీ, బీడీ మానుడు. వచ్చిన వెంటనే గాక ఐదు నిమిషములు కూర్చున్న తరువాత చూపించుకొనుడు.
6. పరగడుపు చక్కెర పరీక్షకు ఎనిమిది గంటలు ఏమియు తినరాదు, మంచినీరు త్రాగవచ్చును.
7. చివర వైద్యుడు చెప్పినది మీ నోట తిరిగి చెప్పుడు: "ఈ మాత్ర ఉదయము, ఈ మాత్ర రాత్రి, ఐదు దినములు, తగ్గనిచో మరల రావలెను." తప్పున్నచో అక్కడనే దిద్దుదురు.

"సూది వేయుడు, సెలైను ఎక్కించుడు" అని పట్టుపట్టరాదు. పురుగేదో తెలియక మందు కొట్టినచో డబ్బు పోవును, మేలు చేయు పురుగులు చచ్చును, చీడ మొండిదగును. అక్కరలేని సూదులు, యాంటిబయాటిక్కులు మన ఒంటిలో చేయు పనియు అదియే. విరేచనములకు ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఒక ఓ.ఆర్.యస్. పొట్లము కలిపి కొంచెము కొంచెముగా త్రాగుట వలననే చాలమంది తేరుకొందురు. కలిపిన నీరు ఒక దినమునకు మించి ఉంచరాదు.

నియమముల ప్రకారము కొన్ని మందులు మాత్రమే దూరమునుండి వ్రాయవచ్చును. మత్తు పదార్థముల చట్టము క్రిందకు వచ్చు మందులను, షెడ్యూలు ఎక్స్ మందులను, కొద్ది మినహాయింపులు తప్ప, వ్రాయరాదు. వైద్యుడు "ఇది ఇక్కడ తేలదు, స్వయముగా చూపించుకొనవలెను" అన్నచో అది తప్పించుకొనుట కాదు. అది కూడ వైద్యమే.

గ్రామాధికారులు చేయవలసిన పనులు

గది పేరుకు ఉండి తలుపు తెరచుకొనకున్న ఉపయోగము లేదు. పంచాయతీ కార్యదర్శి, సర్పంచు, గ్రామ రెవిన్యూ అధికారి, రైతు సేవా కేంద్రపు సహాయకులు ఈ క్రింది వాటిని చూడవలెను.

విద్యుత్తు పోయిన నడచుటకు ఇన్వర్టరు, నెట్‌వర్కు పోయిన వాడుకొనుటకు వేరొక కంపెనీ సిమ్ము, తలుపుకు తెర, బయట నీడ, బెంచీ, త్రాగునీరు. గది తెరచు వేళలు, 108, 14416 సంఖ్యలు పెద్ద అక్షరములతో గోడమీద వ్రాయించవలెను. పశువుల జబ్బులకు 1962 అను సంఖ్య వేరుగా ఉన్నదని కూడ వ్రాయించుడు. అంబులెన్సు ఆలస్యమైనపుడు వచ్చు ఆటోవారి పేర్లు, ఫోను సంఖ్యలు గోడమీద ఉండవలెను. పాము కాటు విరుగుడు ఏ ఆసుపత్రిలో నిలువ ఉన్నదో వర్షములకు ముందే విచారించి తెలిసికొనవలెను.

స్త్రీలు తమ బాధలు చెప్పుకొనునపుడు తెర వేసి, ఇతరులను బయటకు పంపవలెను. ఒకరి జబ్బు సంగతి రచ్చబండ మీదికి రాకూడదు. అట్లు వచ్చిన మరునాటినుండి ఆ గదికి ఎవరును రారు. బాలలను పెద్దవారు వెంటబెట్టుకొని రావలెను. నడువలేని వృద్ధుల ఇండ్లకు ఆశా కార్యకర్తతో కూడ ట్యాబు తీసికొనిపోవు ఏర్పాటు వీలైనచోట చేయవచ్చును.

సందేహములు, సమాధానములు

ప్ర: తెర మీద కనిపించువారు నిజముగా వైద్యులేనా?
జ: అడుగు హక్కు మీకున్నది. వైద్యుడు తన పేరు, అర్హత తెలుపవలెను. చీటి మీద రిజిస్ట్రేషను సంఖ్య చూచుకొనుడు.

ప్ర: మాట మధ్యలో లైను తెగిన ఏమి చేయవలెను?
జ: లేచి పోవలదు. మరల కలుపుదురు. చీటి చేతికి వచ్చువరకు సగము విన్న మాటతో మందు వాడవద్దు.

ప్ర: మందు వాడుచున్నను తగ్గలేదు. పట్నము పోవలెనా?
జ: చెప్పిన గడువు దాటిన మరల గదికి పొండు. లక్షణములు పెరిగినచో గడువు చూడక ఆసుపత్రికి పొండు.

ప్ర: పక్కింటివారికి ఇదే జ్వరము, వారి చీటి మందు వాడవచ్చునా?
జ: వాడరాదు. ఒక చేని చీడకు వ్రాసిన మందు వేరొక చేనికి పనికిరాదని మీకు తెలిసినదే.

ముగింపు

రైతు సోదరులారా! నెల నెల చూపించుకొనవలసిన జబ్బుకు గది. ప్రాణము మీదికి వచ్చిన జబ్బుకు 108. ఈ రెండు మాటలు ఇంటిలోని పిల్లలకు కూడ నేర్పుడు. ఏది ఎట్టిదో తెలియనపుడు పెద్దదిగానే భావించి 108కు పిలువుడు. అనవసరముగా పిలిచితిమేయని తరువాత నవ్వుకొన్నను నష్టము లేదు.

నేను ఇప్పుడు సమావేశములలో గది సంగతి చెప్పుట మానలేదు. అయితే ముందు పై పది లక్షణములు చదివి, ఆ పిమ్మటనే గది మాట ఎత్తుచున్నాను. మొన్నటి సమావేశములో నేను ఐదవ లక్షణము చదువగానే ఆ కౌలు రైతు లేచి, "అది నేను చెప్పెదనయ్యా" అని తన కథ తానే చెప్పెను. వినుచున్న వారిలో పలువురు ఆ రాత్రినుండి పొలము పాకలలో మంచములు వేయించుకొనిరి. దోమతెర అంచులను పరుపు క్రిందకు దోపి కట్టుకొనుచున్నారు. ఖర్చు తక్కువ, మేలు ఎక్కువ. మీరును ఈ పూటనే ఆ పని చేయుడు.